ఏడాది చివరి బడి, ముందున్న వేసవి: ప్రాథమిక తరగతుల తల్లిదండ్రులకు కొన్ని మాటలు

(బెంగళూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన తల్లులకు, తండ్రులకు, మనవల కోసం ఊళ్ళు విడిచి వచ్చి ఈ నగరంలో మనతో ఉంటున్న అమ్మమ్మలకు, నాయనమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

ఫిబ్రవరి ముగియకుండానే వేసవి సెలవుల గురించి సమావేశం పెట్టడం తొందరపాటని కొందరికి అనిపించి ఉండవచ్చు. నా ఉద్దేశంలో ఇదే సరైన సమయం. సెలవులు మొదలయ్యాక ఆలోచించే కుటుంబానికి, ముఖ్యంగా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే కుటుంబానికి, అప్పటికి మిగిలేవి ఖాళీలున్న ఏదో ఒక సమ్మర్ క్యాంపు, పిల్లవాడి చేతిలో ఒక ఫోను. ఈ నగరంలోనే ఒకటి నుంచి అయిదో తరగతి వరకు పాఠాలు చెబుతూ గడిపినదాన్ని కనుక, సెలవుల తరువాత తరగతికి తిరిగి వచ్చిన పిల్లల్లో ఎవరి వేసవి ఎలా గడిచిందో నాకు మొదటి వారంలోనే తెలిసిపోయేది. ఖరీదైన క్యాంపులకు వెళ్ళివచ్చిన పిల్లలు కూడా చదవడం మరిచి వచ్చేవారు. పల్లెలో అమ్మమ్మ దగ్గర రెండు నెలలు గడిపి వచ్చిన పిల్లలు కొందరు మాట్లాడటంలో, లెక్కించడంలో ఎంతో ముందుకు వెళ్ళి వచ్చేవారు. ఆ ఇళ్ళలో మార్చి నెలలోనే పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారన్నది నేను గమనించిన తేడా. ఏం మాట్లాడుకోవాలో చెప్పడమే ఈరోజు నా పని.

ముందుగా పరీక్షల సంగతి త్వరగా ముగిస్తాను. రెండో తరగతి బిడ్డ వార్షిక పరీక్షలకు తల్లి ఆఫీసుకు సెలవు పెట్టడం, టీవీ కనెక్షన్ తీయించడం, రాత్రి పదిన్నర దాకా బిడ్డను కూర్చోబెట్టడం ఈ నగరంలో మామూలు విషయమైపోయింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు పిల్లలను అదే తరగతిలో నిలిపివేయకూడదని చెప్పింది. 2019లో చేసిన సవరణ కూడా అయిదు, ఎనిమిది తరగతుల విషయంలో మాత్రమే, అదీ మరోసారి పరీక్ష రాసే అవకాశం ఇచ్చిన తరువాతే, రాష్ట్రాలకు వెసులుబాటు కల్పించింది. అంటే ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు చదివే మీ బిడ్డ ఈ మార్చిలో పోగొట్టుకునేది ఏమీ లేదు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. పరీక్షల వారంలో ఆ నిద్రను కాపాడండి. అంతకంటే మీరు చేయవలసింది పెద్దగా లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏడాది చివరి పేరెంట్ టీచర్ మీటింగ్‌కు మనం ఎందుకు వెళుతున్నాం? ప్రోగ్రెస్ కార్డు తీసుకుని, గ్రేడు చూసి, సంతకం పెట్టి, స్కూటరు ఎక్కడానికే అయితే ఆ పది నిమిషాలు వృథా. ఏడాది పొడవునా మీ బిడ్డను దగ్గర నుంచి చూసిన మనిషి మీ ఎదురుగా కూర్చునే చివరి సందర్భం అది; జూన్ నాటికి ఆ టీచరు వేరే తరగతికి, ఒక్కోసారి వేరే బడికి వెళ్ళిపోతారు. ఆమెకు తెలిసిన విషయం కార్డు మీద ఉండదు. అడిగితేనే బయటకు వస్తుంది.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. మూడో తరగతి పిల్లవాడికి 402 లోంచి 178 తీసివేయమని లెక్క ఇచ్చామనుకోండి. వాడు 376 అని రాశాడు. సరైన జవాబు 224 కనుక టీచరు ఎర్ర సిరాతో కొట్టివేస్తారు, ఇంట్లో మీరు అజాగ్రత్త అని మందలిస్తారు. కాని వాడు అజాగ్రత్తగా చేయలేదు. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 8 ఉన్నాయి. ఎనిమిదిలోంచి రెండు తీసి 6 రాశాడు. పదుల స్థానంలో పైన సున్న, కింద 7 ఉన్నాయి. ఏడులోంచి సున్న తీసి 7 రాశాడు. నాలుగులోంచి ఒకటి తీసి 3 రాశాడు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలని ఒక నియమం సొంతంగా ఏర్పరచుకుని, దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ఇలాంటి బిడ్డకు వేసవిలో రోజుకు యాభై తీసివేతలు ఇస్తే యాభైసార్లు అదే తప్పును సాధన చేస్తాడు. వాడికి కావలసింది నాలుగు వంద రూపాయల నోట్లు, రెండు రూపాయి నాణేలు, ఎదురుగా కూర్చుని 178 రూపాయలు ఇవ్వమని అడిగే తాతయ్య. వంద నోటు మార్చి పది పదులు తెచ్చుకుంటే తప్ప, అందులో ఒక పదిని మళ్ళీ రూపాయిలుగా విడదీస్తే తప్ప ఇవ్వడం కుదరదని వాడి చేతులకే అర్థమవుతుంది. నాలుగు సాయంత్రాలు ఈ ఆట ఆడితే చాలు. అయితే ఈ విషయం మీకు తెలియాలంటే, లెక్కల్లో ఎన్ని మార్కులని కాక, తీసివేతలో సరిగ్గా ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడని మీరు టీచరును అడిగి ఉండాలి.

చదవడం గురించీ ఇలాగే అడగండి. పాఠాన్ని వల్లెవేస్తున్నాడా, లేక ముందెన్నడూ చూడని నాలుగు వాక్యాలు ఇచ్చినా చదివి, తన మాటల్లో చెప్పగలుగుతున్నాడా? కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం ఈ విషయంలో ఇంట్లో కూడా పనికివచ్చే కొలమానాన్ని ఇచ్చింది. రెండో తరగతి పూర్తయ్యేసరికి బిడ్డ నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి పూర్తయ్యేసరికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవగలగాలి. అంకెల్లో ఒకటో తరగతికి 99 వరకు, రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9,999 వరకు చదవడం, రాయడం రావాలి. ఫోనులో గడియారం పెట్టి బిడ్డను పరుగు పందెంలో నిలబెట్టమని నా అర్థం కాదు. మీరు వింటూ కూర్చుంటే చాలు, తడబాటు ఎక్కడుందో వినిపిస్తుంది. ఆ తడబాటును రాసిపెట్టుకోండి. వేసవికి మీ ప్రణాళిక అంతా అదే కాగితం.

ఇప్పుడు ఊరి ప్రయాణం. మన కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. 2025లో కర్ణాటక రాష్ట్ర సిలబస్ బడులకు ఏప్రిల్ 11 నుంచి మే 28 వరకు సెలవులు. మే 29న బడులు తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఏప్రిల్ 24న సెలవులు మొదలై జూన్ 11 వరకు ఉన్నాయి. అంటే మన పిల్లలు ఏప్రిల్ రెండో వారంలో ఎంతో ఆశగా ఊరికి వెళితే, అక్కడి బావలు, వదినలు, పెదనాన్న పిల్లలు ఇంకా బడికి వెళుతూ ఉంటారు. ఆడుకోవడానికి ఎవరూ ఉండరు. పెద్దలు పనుల్లో ఉంటారు. మనవాడు పగలంతా టీవీ ముందే కూర్చుంటాడు. అదే పిల్లలు అక్కడ జతకూడి ఆటలు ఊపందుకునే వేళకు మనం తిరుగు ప్రయాణం కడతాం. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులకు తేదీలు వేరుగా ఉంటాయి కనుక మీ బడి క్యాలెండరును, అక్కడి క్యాలెండరును పక్కపక్కన పెట్టుకుని, ఇద్దరికీ కలిసివచ్చే మూడు నాలుగు వారాలను ఊరికి కేటాయించండి. రైలు టికెట్లకు ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు నుంచి 60 రోజులకు తగ్గించారు. ఏప్రిల్ నెలాఖరు ప్రయాణానికి బుకింగు ఈ రోజుల్లోనే తెరుచుకుంటుంది. శేషాద్రి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లలో వేసవి బెర్తులు ఎంత త్వరగా అయిపోతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అయిదేళ్ళు నిండి పన్నెండు నిండని బిడ్డకు ప్రత్యేకంగా బెర్తు అడిగితే పూర్తి ఛార్జీ, అడగకపోతే సగం ఛార్జీ అన్నది కూడా గుర్తుంచుకోండి.

సెలవుల తొలి రోజులు బెంగళూరులో గడుస్తాయి కనుక, వాటికి పెద్దగా ఖర్చులేని మార్గాలు చెబుతాను. కబ్బన్ పార్కులో ఇందిరా ప్రియదర్శిని బాలల గ్రంథాలయం ఉంది. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో పిల్లలు యంత్రాలను తమ చేతులతో తిప్పి చూడవచ్చు. దానికి టికెట్ ఉంటుంది కాని, ఒక పూటంతా సరిపోతుంది. లాల్‌బాగ్ కొండరాయి దాదాపు మూడు వందల కోట్ల సంవత్సరాల నాటిదని, భూమి మీద ఎంతో పురాతనమైన శిలల్లో ఒకటని చెప్పి, దాని మీద చేయి పెట్టించండి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్‌లలో ఉండేవారికి ఇవి దూరమే. ఆదివారం ఉదయం మెట్రోలో వెళ్ళి, ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు.

సమ్మర్ క్యాంపులను నేను తప్పుపట్టను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అవి అవసరమే. కాని చేర్చేముందు ఫీజు ఎంతని అడిగినట్టే, ఎంతమంది పిల్లలకు ఒక పెద్దమనిషి ఉంటారు, ఈతకొలను ఉంటే ఒడ్డున ఎవరు నిలబడతారు, బిడ్డను తీసుకువెళ్ళడానికి వచ్చినవారిని ఎలా గుర్తుపడతారు అని అడగండి. పూటకొక తరగతి చొప్పున అబాకస్, కోడింగ్, చేతిరాత, వేదగణితం అని బిడ్డ దినచర్యను నింపడం మాత్రం నాకు అంగీకారం కాదు. విసుగు పుట్టే ఖాళీ సమయం లేకపోతే బిడ్డ తనంతట తాను ఒక ఆటను కనిపెట్టే అవకాశమే ఉండదు.

చదువు విషయంలో వేసవికి ఒకే ఒక్క నియమం పెట్టుకోండి: రోజూ చదవడం. సెలవుల్లో పిల్లలు ఎంత మరిచిపోతారన్న విషయం మీద అమెరికాలో చాలా పరిశోధన జరిగింది. 1996లో హ్యారిస్ కూపర్, ఆయన సహచరులు 39 అధ్యయనాలను పరిశీలించి, సగటున ఒక నెల చదువంత వెనకబడతారని, లెక్కలు చేయడంలో, స్పెల్లింగులలో నష్టం ఎక్కువని తేల్చారు. ఆ తరువాత వచ్చిన పరిశోధకులు ఈ లెక్క అందరికీ ఒకేలా వర్తించదన్నారు, వారి సెలవులు మన సెలవుల కంటే పొడవైనవి కూడా. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ చేసిన ప్రయోగం. 2010లో దాని ఫలితాలు ప్రచురించారు. పేద పిల్లలకు వరుసగా మూడు వేసవులు, ఏటా పన్నెండు పుస్తకాలు ఉచితంగా ఇచ్చారు, ఏ పుస్తకాలు కావాలో పిల్లలనే ఎంచుకోనిచ్చారు. ఆ పిల్లల చదువు మెరుగుపడింది. ఎంచుకోనివ్వడం అన్న మాటను పట్టుకోండి. మనం మంచి పుస్తకం అనుకున్నదే కొనిపెడతాం, బిడ్డ దాన్ని తెరవడు, వాడికి చదువు మీద ఆసక్తి లేదని తీర్మానిస్తాం. కొనలేనివారికి కూడా దారి ఉంది. 2004లో మన బెంగళూరులోనే మొదలైన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 నుంచి స్టోరీవీవర్ అనే వేదికలో పిల్లల బొమ్మల కథలను ఉచితంగా అందిస్తోంది. అందులో తెలుగు, కన్నడ, ఇంగ్లీషు కథలు చదివే స్థాయిని బట్టి నాలుగు అంచెలుగా దొరుకుతాయి. ప్రింటు తీసుకుని కుట్టుకుంటే సొంత పుస్తకమే.

ఇక నా మనసుకు ఎంతో దగ్గరైన విషయం. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ ఉన్నాయి, నాలుగో లిపి భారమని మనమే వదిలేశాం. కాని 2015 నాటి కన్నడ భాషా బోధన చట్టం వల్ల ఇక్కడి బడులన్నిటిలో పిల్లలు కన్నడం నేర్చుకుంటున్నారు, అదే మనకు పెద్ద వరం. దాదాపు వెయ్యేళ్ళ కిందట ఈ రెండు భాషల శాసనాలకూ ఒకే లిపి ఉండేది. గ, జ, డ, ద, బ, మ, య, ర, ల రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. మన తలకట్టు పైకి లేచినట్టుంటుంది, కన్నడంలో అడ్డంగా ఉంటుంది, అంతే. కన్నడం చదివే మూడో తరగతి బిడ్డకు మొదటిరోజే ఈ తొమ్మిది అక్షరాలు చూపితే, తానే చదివేసి ఆశ్చర్యపోతుంది. బాగా వేరుగా ఉండేవి క, త, శ వంటి కొన్ని. వాటికి రెండు మూడు రోజులు పడుతుంది. గుణింతాల్లో గుడి దీర్ఘాన్ని కన్నడంలో అక్షరం పక్కన వేరే గుర్తుగా పెడతారు, మనం గుడి చివరనే మెలితిప్పుతాం. ధర్మ, సూర్య వంటి మాటల్లో రకారాన్ని కన్నడంలో అక్షరం తరువాత రాస్తారు; ఇక్కడున్న పెద్దలకు అది చూడగానే పాత తెలుగు పుస్తకాల్లోని వలపలగిలక గుర్తుకు వస్తుంది. ఒత్తుల పద్ధతి రెండింటికీ సమానం. అందువల్ల అఆలతో మొదలుపెట్టి అచ్చులన్నీ దిద్దించి విసిగించకండి. తెలిసిన అక్షరాలతో జడ, గద, మర, బలం, జలజ వంటి మాటలు రాసి చదివించండి. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఒక వేసవిలో బస్సు బోర్డులు, గోడ మీది రాతలు కూడబలుక్కుని చదివే స్థాయికి పిల్లలు వస్తారు. ఈ పని అమ్మమ్మలు, తాతయ్యలు చేయగలరు, ట్యూషను అక్కరలేదు. ఊరికి వెళ్ళిన బిడ్డ చేత బెంగళూరులోని నాన్నకు తెలుగులో పోస్టుకార్డు రాయించండి. ఇప్పటికీ అది యాభై పైసలే.

లెక్కలు కూడా ఊళ్ళో పుష్కలంగా ఉన్నాయి. ఆవకాయ పెట్టే రోజున ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు కొలిచే పని పిల్లలకు అప్పగించండి. కోస్తా ఇళ్ళలో ఇంకా మిగిలివున్న పాత కొలపాత్రలు ఉంటే, నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని బియ్యం పోసి చూపించండి. పావు, అర, రెట్టింపు అనే మాటలు పుస్తకంలో నేర్చుకున్నదానికంటే గట్టిగా నిలుస్తాయి. కారం పట్టే చేతులను కళ్ళకు పెట్టుకోకుండా మాత్రం ఒకరు చూసుకోవాలి.

భద్రత గురించి రెండు విషయాలు నొక్కి చెప్పాలి. బెంగళూరు సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడ పెరిగిన బిడ్డ నంద్యాల ఎండకో, రెంటచింతల ఎండకో ఒక్కసారిగా తట్టుకోలేదు. శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మొదటి వారం పది గంటల నుంచి నాలుగు గంటల వరకు నీడలోనే ఆడించండి, దాహం అనకముందే మజ్జిగ, నీళ్ళు ఇవ్వండి. ఓఆర్ఎస్ పొట్లం మీద ఎంత నీటిలో కలపాలని రాసి ఉంటే అంతే కలపండి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు దానికి బదులు కావు. బిడ్డ మత్తుగా, పొంతన లేకుండా మాట్లాడితే తడిగుడ్డలతో ఒళ్ళు చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రెండోది నీళ్ళు. ప్రతి వేసవిలోనూ కాలువల్లో, చెరువుల్లో, క్వారీ గుంతల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతున్నాం, వారిలో సెలవులకు వచ్చిన పట్నం పిల్లలు ఉంటున్నారు. ఊరి పిల్లలకు ఏ రేవు దగ్గర లోతో, ఎక్కడ జారుడో తెలుసు. మనవాళ్ళకు తెలియదు. అపార్ట్‌మెంటు కొలనులో ఈత నేర్చిన బిడ్డకు కాలువ వడి తెలియదు, పైగా ఈత వచ్చునన్న ధైర్యం ఉంటుంది. ఈతకు పంపితే చేయి చాస్తే అందేంత దూరంలో ఈత వచ్చిన పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. ఈ మాట సిగ్గుపడకుండా ఊళ్ళోవారికి మీరే ముందుగా చెప్పండి.

ఊరి నుంచి బడి తెరిచే రోజుకు ముందురోజు రాత్రి దిగకండి, కనీసం వారం ముందు రండి. ఆ వారంలో నిద్రవేళలను మళ్ళీ గాడిలో పెట్టాలి, పొట్టి అయిపోయిన యూనిఫాం, బిగుతైన బూట్లు చూసుకోవాలి. కొత్త టీచరును కలిసినప్పుడు, మార్చిలో మీరు రాసుకున్న కాగితాన్ని చూపించి, ఇక్కడ తడబడేది, వేసవిలో ఇలా సరిచేశాం అని చెప్పండి. ఆమెకు మొదటి నెల రోజుల శ్రమ తగ్గుతుంది.

చివరిగా ఒక ప్రతిపాదన. మన అపార్ట్‌మెంట్లలో ఇళ్ళపనులు చేసేవారు, పక్క స్థలంలో భవనాలు కట్టేవారు చాలామంది కర్నూలు, అనంతపురం, రాయచూరు వైపు నుంచి వచ్చినవారే. వారి పిల్లలకు సెలవుల్లో క్యాంపు లేదు, తాళం వేసిన గదో, ఇసుక కుప్పో ఉంది. సెలవులున్నన్ని రోజులు సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక చదువుకునే చాప పరుద్దాం. మన పిల్లలు, వారి పిల్లలు కలిసి కూర్చుని ఒకరికొకరు కథలు చదువుకుంటారు, ఇద్దరు పెద్దలు తోడుంటే చాలు. తెలుగు, కన్నడం రెండు భాషల్లోనూ కొన్ని కథలను ముద్రించి తెచ్చాను, బయట బల్ల మీద ఉన్నాయి. పక్కనే ఒక నోటుపుస్తకం ఉంది. మీ అపార్ట్‌మెంటు పేరు, మీరు కూర్చోగలిగే వారాలు అందులో రాయండి. ఈ నెలాఖరులోగా జాబితా తయారు చేసుకుని, మార్చి రెండో ఆదివారం మళ్ళీ ఇక్కడే కలుద్దాం. నమస్కారం.